30 అంగుళాల టైర్లు వేశాక 1000 సీసీ ఏటీవీకి క్లచ్ అప్‌గ్రేడ్: వెయిట్సా, స్ప్రింగులా, మొత్తం ప్రైమరీయా?

#1 మట్టిదారి

నమస్తే అందరికీ. నా బండి 1000 సీసీ వీ-ట్విన్ ఏటీవీ (మట్టి, రాళ్ల దారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి), బెల్ట్‌తో నడిచే సీవీటీ. అంటే ముందు ప్రైమరీ, వెనక సెకండరీ అనే రెండు పుల్లీల మధ్య బెల్ట్ పైకీ కిందికీ జరుగుతూ గేర్ నిష్పత్తి దానంతట అదే మారుతుంది. 26 అంగుళాల టైర్లు తీసేసి 30 అంగుళాల మడ్ టైర్లు వేశాను. ఎగ్జాస్ట్ మార్చాను, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూన్ కూడా చేయించాను. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టినప్పుడు గరిష్ఠ పవర్ 7200 ఆర్పీఎం దగ్గర వచ్చింది. రెవ్ లిమిటర్ 8000.

పవర్ పెరిగిందని కాగితం చెబుతోంది గానీ, నేల మీద బండి బద్ధకంగా లేస్తోంది. ఎక్కుడు మధ్యలో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కితే వెంటనే అందుకోదు. లోతైన బురదలో కాసేపు నడిపితే బెల్ట్ కాలిన వాసన వస్తోంది.

క్లచ్ అప్‌గ్రేడ్ చేయాలనుకుంటున్నాను. ఒకరు వెయిట్స్ (ప్రైమరీ లోపల తిరిగే బరువులు) మార్చమంటున్నారు, ఒకరు సెకండరీ స్ప్రింగ్ అంటున్నారు, ఇంకొకరు ప్రైమరీ మొత్తం తీసేసి బయటి కంపెనీది బిగించమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? టూల్స్ ఉన్నాయి, పని చేసుకోగలను.

#2 పుల్లీ మాస్టారు

తమ్ముడూ, ఏం కొనాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఒక్క అంకె చెప్పు. గట్టి నేల మీద, హై గేర్‌లో, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టినప్పుడు టాకోమీటర్ (ఆర్పీఎం మీటర్) ఎంత దగ్గర నిలబడుతోంది?

సీవీటీ చేయాల్సిన పని ఒకటే. ఇంజిన్‌ను గరిష్ఠ పవర్ ఇచ్చే ఆర్పీఎం దగ్గర కదలకుండా ఉంచి, వేగం పెంచే పనంతా పుల్లీల మీద వేసుకోవాలి. నీకు 7200 దగ్గర పవర్ ఉంది కాబట్టి పూర్తి థ్రాటిల్‌లో బండి వేగం అందుకుంటున్నంతసేపూ రీడింగ్ 7200 చుట్టూనే ఉండాలి. 6700 దగ్గర ఆగిపోతోందంటే ఎగ్జాస్ట్, ట్యూన్ ఇచ్చిన బలం నువ్వు వాడుకోవడమే లేదు. 7700 దాకా పోతోందంటే అరుపు ఎక్కువ, లాగుడు తక్కువ. ఏ భాగం మార్చినా చివరికి ఆ రీడింగ్‌ను సరైన చోట నిలబెట్టడానికే. అది తెలియకుండా ఏ కిట్ కొన్నా గుడ్డిగా కొన్నట్టే.

ఇవి రాసుకుని రా: బండి కదలడం ఏ ఆర్పీఎం దగ్గర మొదలవుతోంది, నిలబడ్డ చోట నుంచి పూర్తి థ్రాటిల్‌లో ఎంత నిలుస్తోంది, వేగం బాగా అందుకున్నాక ఎంత ఉంటోంది, ఇవే కొలతలు క్లచ్ బాగా వేడెక్కాక ఎంత. వీలైతే ఫోన్ వీడియో తీసి తర్వాత నెమ్మదిగా చూడు. నడుపుతూ మీటర్ చదవడం ప్రమాదం, పైగా కంటికి సరిగ్గా అందదు.

#3 రాళ్లబాట

మాస్టారి మాటకు ఎదురు చెప్పడం కాదు గానీ, మొత్తం ప్రైమరీ మార్చడంలో కూడా న్యాయం ఉంది. 30 అంగుళాల టైర్లు, ట్యూన్, బురద మూడూ కలిశాయి. కంపెనీ క్లచ్‌ను మామూలు వాడకానికి లెక్క వేసి చేస్తారు. బయటి ప్రైమరీల్లో కవర్ గట్టిగా ఉంటుంది, రోలర్లు పెద్దవి, వెయిట్స్‌లో బరువు అటూ ఇటూ మార్చుకునే వీలుంటుంది, బెల్ట్‌ను పట్టే ముఖాలు నునుపుగా చెక్కి ఉంటాయి. నేను రాళ్లలో నడిపే బండికి అదే వేశాను. బెల్ట్ వేడి స్పష్టంగా తగ్గింది.

#4 పుల్లీ మాస్టారు

> బెల్ట్ వేడి స్పష్టంగా తగ్గింది.

తగ్గుతుంది, కాదనను. కానీ ఎంత మంచి ప్రైమరీ అయినా పెట్టెలోంచి తీసి బిగించగానే ఇతని టైర్లకు, ఇతని ట్యూన్‌కు సరిపోదు. అందులోనూ వెయిట్స్, స్ప్రింగ్ సర్దుకోవాల్సిందే. ఆ సర్దుబాటు వచ్చినవాడికి కంపెనీ క్లచ్‌తోనే చాలా దూరం వెళ్లవచ్చు.

#5 సరళరేఖ

నా వైపు నుంచి ఒక మాట. తీసిన బెల్టులు దాచారా? పాత బెల్ట్ చూస్తే క్లచ్‌లో ఏం జరుగుతోందో చాలావరకు తెలిసిపోతుంది.

పక్కలు అద్దంలా మెరుస్తుంటే బెల్ట్ జారుతోంది. ఒకే చోట సన్నబడి నడుము పడినట్టు ఉంటే, బండి కదలలేని స్థితిలో యాక్సిలరేటర్ నొక్కడం వల్ల ప్రైమరీ అక్కడే తిరిగి కాల్చేసింది. అంచుల నుంచి దారాలు ఊడుతుంటే రెండు పుల్లీలు ఒకే వరసలో లేవేమో చూడాలి. ఇంజిన్ మౌంట్లు వదులైనా అలాగే అవుతుంది. కింది పళ్లు ఊడిపోతే గాలిలోకి లేచిన బండి పూర్తి థ్రాటిల్‌తో నేలకు దిగడం లాంటి దెబ్బలు తగిలి ఉంటాయి.

బురదలో వాసన అన్నారు కదా. హై గేర్‌లోనే నడుపుతున్నారా? గంటకు 10–12 కి.మీ. లోపు పాకుతూ పోయే చోట లో గేర్ వేయాలి. 30 అంగుళాల టైర్లకైతే ఇది మరీ ముఖ్యం. టైరు ఎత్తు 15 శాతం పెరిగింది కాబట్టి, అదే ఇంజిన్ టార్క్‌కు నేల మీద తోపు సుమారు 13 శాతం తగ్గింది. కొత్త టైర్ల బరువు అదనం. ఎత్తు మీద సైకిల్ పెద్ద గేర్‌లో తొక్కుతున్నట్టే ఉంటుంది బండికి.

#6 మట్టిదారి

మాస్టారూ, కొలిచాను. సరళరేఖ అక్కా, మీరడిగినవీ రాస్తున్నాను.

బండి కదలడం 1700 దగ్గర. చల్లగా ఉన్నప్పుడు పూర్తి థ్రాటిల్‌లో 6800. బాగా వేడెక్కాక అదే చోట 6500, ఒక్కోసారి 6600. వేగం అందుకున్నాక ఇంకో వంద తగ్గుతోంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కినప్పుడు 5500 దాకా పడిపోయి నెమ్మదిగా లేస్తోంది.

పాత బెల్ట్ పక్కలు మెరుస్తున్నాయి, నడుము పడలేదు. బురదలో ఎక్కువగా హై గేర్‌లోనే నడిపాను, ఇక లో గేర్ వాడతాను. ప్రైమరీలో ఉన్న వెయిట్స్ ఒక్కోటి 62 గ్రాములు.

#7 పుల్లీ మాస్టారు

ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

ముందు నన్ను ఆపిన విషయం: చల్లగా 6800, వేడెక్కాక 6500. ఇంత తేడా వస్తోందంటే లోపల ఎక్కడో పట్టేస్తోంది, లేదా జారుతోంది. అరిగిన క్లచ్ మీద వెయిట్స్ లెక్క వేస్తే ఆ లెక్క ఇవాళ ఒకటి, రేపు ఒకటి. కాబట్టి మొదట క్లచ్ విప్పి చూడాలి. రోలర్లు గుండ్రంగానే ఉన్నాయా, ఏ పక్కైనా చదునైందా? వెయిట్ పిన్నులు, వాటి బుష్‌లు ఆడుతున్నాయా? స్పైడర్ (ప్రైమరీలో రోలర్లను మోసే చేతుల భాగం) పక్కన ఉండే బటన్లలో ఖాళీ ఎక్కువైందా? కదిలే షీవ్ (పుల్లీలో బెల్ట్‌ను ఒక పక్క నుంచి పట్టే పళ్లెం) బుష్ ఎలా ఉంది? సెకండరీలో హెలిక్స్ (ఏటవాలు ర్యాంపులున్న భాగం) ముఖం మీద గాడి పడిందా, అందులోని రోలర్లు తిరుగుతున్నాయా? గాలి వచ్చే, పోయే గొట్టాల్లో మట్టి ఉందేమో కూడా చూడు. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. సీవీటీకి వేడి బయటికి పోవడానికి ఉన్న దారి ఆ గాలే.

ఇక లెక్క. ప్రైమరీలో వెయిట్స్ తిరుగుతూ బయటికి లేవడం వల్ల షీవ్ మూసుకుంటుంది. ఆ బలం వెయిట్ బరువును బట్టి నేరుగా, ఆర్పీఎం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే బరువు తగ్గిస్తే అదే బలం రావడానికి ఇంజిన్ ఇంకా వేగంగా తిరగాలి. ఎంత వేగంగా అంటే, పాత బరువును కొత్త బరువుతో భాగించి వర్గమూలం తీసుకుంటే సరి. 62 గ్రాముల నుంచి 58కి వస్తే ఆర్పీఎం సుమారు 3.4 శాతం పెరగాలి. 6800 అయితే 7030 అవుతుంది. బరువు మొత్తం ఒకే చోట ఉండదు కాబట్టి అచ్చంగా ఇంతే రాదు, కానీ దగ్గరగా వస్తుంది.

7200 కోసం బరువు ఒక్కటే తగ్గించాలంటే 55 గ్రాముల దాకా పోవాలి. నేను అలా చేయను. ఆ వెయిట్సే కదా బెల్ట్‌ను పిండి పట్టేది. మరీ తేలిక చేస్తే ముందువైపు పట్టు తగ్గి బెల్ట్ జారుతుంది, నీ వాసన సమస్య పెరుగుతుంది. 58 దగ్గర ఆగి, మిగతాది సెకండరీ స్ప్రింగ్‌తో తెచ్చుకో. నీకు యాక్సిలరేటర్ వదిలి నొక్కినప్పుడు అందుకోకపోవడం అనే బాధ కూడా ఉంది. దానికి మందు సెకండరీలోనే ఉంది.

వెనక పుల్లీ టార్క్‌ను బట్టి నడుస్తుంది. టైర్ల మీద భారం పడగానే హెలిక్స్ ర్యాంపు షీవ్‌ను మూసి, బెల్ట్‌ను పైకి నెట్టి గేర్ కిందికి దింపుతుంది. స్ప్రింగ్ గట్టిదైతే ఈ దిగడం చురుగ్గా జరుగుతుంది, ఆర్పీఎం కొంత పెరుగుతుంది. హెలిక్స్ కోణం తగ్గించినా దాదాపు అదే ఫలితం. కోణం ఎక్కువైతే బండి పైగేర్‌కు త్వరగా పోతుంది, కిందికి దిగడానికి బద్ధకిస్తుంది. మడ్ టైర్లకు అది పనికిరాదు. అలాగని స్ప్రింగ్ మరీ గట్టిదైతే బెల్ట్ రెండు వైపులా నలిగి వేడెక్కుతుంది, చివరి వేగం కూడా పోతుంది. అందుకే ఒక్క మెట్టు మాత్రమే.

ప్రైమరీ స్ప్రింగ్ జోలికి ఇప్పుడు పోవద్దు. దాని మీద 120/320 లాంటి రెండు అంకెలు ఉంటాయి, పౌండ్లలో. మొదటిది బండి కదిలే ఆర్పీఎంను నిర్ణయిస్తుంది, రెండోది పూర్తిగా షిఫ్ట్ అయినప్పటి బలం. నీకు 1700 దగ్గర కదలడం బాగానే ఉంది. రాళ్లలో, బురదలో మెల్లగా నడిపేవాడికి అది పెంచితే ప్రతి కదలికకూ బెల్ట్ కాలుతుంది.

ఒక్కసారి ఒక్కటే మార్చు. మార్చిన ప్రతిసారీ అదే చోట, అదే టైరు గాలితో కొలువు.

#8 గేర్ల గోపి

మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. నాది 450 సీసీ స్పోర్ట్ క్వాడ్, చేతి క్లచ్, ఐదు గేర్లు. మూడో గేర్‌లో గట్టిగా రేజ్ చేస్తే ఇంజిన్ అరుస్తోంది, బండి ముందుకు పోవడం లేదు. నాకూ గట్టి స్ప్రింగులు, బిల్లెట్ బాస్కెట్ (క్లచ్ ప్లేట్లు కూర్చునే గిన్నె, లోహపు దిమ్మ నుంచి చెక్కినది) వేయమంటున్నారు. ఈ లెక్కలేవైనా నాకు వర్తిస్తాయా?

#9 తడిక్లచ్

గోపి గారూ, మీది వేరే లోకం. నూనెలో మునిగి ఉండే ప్లేట్ల క్లచ్. దీనికి సమాధానం నేను చెబుతాను, మాస్టారి దారం తెగకుండా త్వరగా ముగిస్తాను.

జారే క్లచ్‌కు మొదట కేబుల్ చూడండి. లివర్ దగ్గర ఖాళీ సుమారు 10 మి.మీ. ఉండాలి, కచ్చితమైన కొలత మీ మాన్యువల్‌లో ఉంటుంది. ఖాళీ లేకపోతే క్లచ్ ఎప్పుడూ కొద్దిగా నొక్కినట్టే ఉంటుంది. తర్వాత నూనె. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. తడి క్లచ్ ఉన్న బండ్ల కోసమే జాసో ఈ ప్రమాణాన్ని 1998లో తెచ్చింది. కార్లకు వాడే, ఇంధనం ఆదా అని రాసి ఉండే నూనెల్లో రాపిడి తగ్గించే రసాయనాలు ఉంటాయి. వాటితో కొత్త ప్లేట్లు కూడా జారుతాయి.

ఈ రెండూ సరిగ్గా ఉంటే విప్పండి. ఫైబర్ ప్లేట్ల మందం, స్ప్రింగుల పొడవు కొలిచి మాన్యువల్ హద్దుతో పోల్చండి. స్టీల్ ప్లేట్లను అద్దం మీద పరిచి ఫీలర్ గేజ్‌తో వంపు చూడండి. వేడికి నీలం రంగు పట్టినవి ఉంచకండి. కొత్త ఫైబర్ ప్లేట్లను బిగించే ముందు అదే ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టాలి. పొడిగా బిగిస్తే మొదటి పరుగులోనే కాలిపోతాయి.

గట్టి స్ప్రింగులతో లివర్ బరువెక్కుతుంది. ఇంజిన్‌లో పవర్ పెంచకపోతే మంచి ప్లేట్లు, కంపెనీ స్ప్రింగులే చాలు. బాస్కెట్ సంగతి వేరు. దాని వేళ్ల మీద ప్లేట్ల పళ్లు గాట్లు పెడతాయి. అప్పుడు ప్లేట్లు జరగడానికి తడబడి క్లచ్ ఒక్కసారిగా పట్టుకుంటుంది, నొక్కినా పూర్తిగా వదలదు. గాట్లు లోతుగా ఉంటే అప్పుడు హిన్సన్ లాంటి బిల్లెట్ బాస్కెట్‌కు పెట్టిన ఖర్చు న్యాయమే. రాళ్లలో ఇంజిన్ ఆగిపోతూ ఉంటే రెక్లూజ్ లాంటి ఆటో క్లచ్ నిజంగా ఉపయోగపడుతుంది. చేతికి విశ్రాంతి కూడా.

#10 గేర్ల గోపి

తడిక్లచ్ గారూ, కేబుల్‌లో ఖాళీ అసలు లేదు. సరిచేశాను, జారడం చాలావరకు పోయింది. నూనె కూడా మారుస్తాను. కృతజ్ఞతలు.

#11 మట్టిదారి

ప్రైమరీ దింపాను. మూడు రోలర్లలో రెండింటి మీద చదునైన మచ్చలు ఉన్నాయి. వెయిట్ పిన్నుల్లో చేతికి తెలిసేంత ఆట ఉంది. సెకండరీ హెలిక్స్ బాగానే ఉంది, దాని రోలర్లు తిరుగుతున్నాయి. గాలి బయటికి పోయే గొట్టంలో ఎండిన మట్టి సగం పూడ్చేసింది. ఫొటోలు పెట్టాను.

రోలర్లు, పిన్నులు, బుష్‌లు కొత్తవి తెప్పిస్తున్నాను. విప్పేటప్పుడు, బిగించేటప్పుడు జాగ్రత్తలు ఏమైనా ఉంటే చెప్పండి.

#12 రాళ్లబాట

ఆ ఫొటోలు చూశాక మాస్టారు ముందు విప్పమనడం సరైనదే అనిపించింది. చదునైన రోలర్ మీద వెయిట్ జారడం ఆగి ఆగి జరుగుతుంది. అందుకే మీ రీడింగ్ నిలకడగా లేదు.

జాగ్రత్తలు చెబుతాను. కవర్, స్పైడర్, షీవ్ మీద ఒకే వరసలో పెయింట్ మార్కుతో గీత గీయండి. ఇవన్నీ కలిపి బ్యాలెన్స్ చేసినవి. వేరే కోణంలో బిగిస్తే వైబ్రేషన్ వచ్చి క్రాంక్ బేరింగ్ దాకా బాధ పోతుంది. కవర్ కింద స్ప్రింగ్ నొక్కి ఉంటుంది, కాబట్టి స్క్రూలు ఒక్కోటి కొంచెం కొంచెంగా, చుట్టూ సమంగా వదలండి. మీ మోడల్‌కు చెప్పిన పుల్లర్‌తోనే క్లచ్ లాగండి. షీవ్ వెనక స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే షీవ్ వంగుతుంది. స్పైడర్ తీయాల్సి వస్తే దానికి ప్రత్యేకమైన టూల్ ఉంటుంది, టార్క్ చాలా ఎక్కువ. ఆ పని తెలిసినవాళ్ల దగ్గర చేయించడం మేలు.

బిగించేటప్పుడు క్రాంక్ చివరి కోన్, క్లచ్ లోపలి కోన్ రెండూ శుభ్రంగా, పొడిగా ఉండాలి. గ్రీజు, యాంటీ సీజ్ ఏదీ వద్దు. పుల్లీ ముఖాలను ఆల్కహాల్‌తో తుడవండి. వాటి మీద నూనె చుక్క పడకూడదు. బోల్టుకు టార్క్ రెంచ్ వాడండి, ఇంపాక్ట్ గన్ వద్దు. ఇంకొకటి, కవర్ లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. 7000 ఆర్పీఎం దగ్గర తెగిన బెల్ట్ ఎటు వస్తుందో ఎవరూ చెప్పలేరు. పక్కన పిల్లలు నిలబడి చూసే పని అసలే కాదు.

#13 సరళరేఖ

కొత్త బెల్ట్ వేస్తున్నారు కదా. బిగించాక బెల్ట్ ఎత్తు చూసుకోండి. వెనక పుల్లీలో దాని పైభాగం అంచుకు సమంగానో, కొంచెం పైకో ఉండాలి. మీ మాన్యువల్ ఏ కొలత చెబితే అది. లోతుగా కూర్చుంటే బండి మొదలవడమే పైగేర్‌లో మొదలవుతుంది. మొదటి 50–80 కి.మీ. వేగం మారుస్తూ మెల్లగా నడపండి, బరువులు లాగొద్దు. బెల్ట్ ముఖం పుల్లీ ముఖానికి అలవాటు పడాలి. అది కాకముందు పూర్తి థ్రాటిల్ కొలతలు తీసుకున్నా నమ్మకండి.

#14 నల్లరేగడి

ఒక సందేహం. బయటి కంపెనీ ప్రైమరీ వేస్తే ఇంజిన్ బ్రేకింగ్ పోతుందని విన్నాను. నిజమేనా?

#15 రాళ్లబాట

కొన్నిట్లో పోతుంది. కొన్ని బండ్లలో ప్రైమరీ లోపలే ఒక వన్‌వే బేరింగ్ ఉండి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు కూడా బెల్ట్‌ను పట్టుకుని ఉంచుతుంది. ఆ బేరింగ్ లేని ప్రైమరీ బిగిస్తే దిగుడులో బండి తేలిగ్గా జారిపోతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. కొండల్లో నడిపేవాళ్లు కొనే ముందు ఇది తప్పకుండా అడగాలి. యమహా అల్ట్రామాటిక్ దారి వేరు. అందులో బెల్ట్ ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది, పట్టడం వదలడం నూనెలో ఉండే విడి సెంట్రిఫ్యూగల్ క్లచ్ చూసుకుంటుంది. అలాంటి బండికి ఈ చర్చలోని కదిలే ఆర్పీఎం సలహాలు నేరుగా వర్తించవు.

#16 మట్టిదారి

ఫలితాలు రాస్తున్నాను. వెయిట్స్ మార్చకుండా, కొత్త రోలర్లు, పిన్నులు, బుష్‌లు, బెల్ట్ వేసి, గొట్టం శుభ్రం చేసి కొలిచాను. చల్లగా 6900, వేడెక్కాక 6850. పాత తేడా పోయింది. ఏమీ "అప్‌గ్రేడ్" చేయకముందే బండి మారిపోయింది.

తర్వాత 58 గ్రాముల వెయిట్స్. 7100 వచ్చింది. మాస్టారి లెక్క ప్రకారం 7130 రావాలి. అది చూసి చాలా సంతోషం వేసింది. చివరగా సెకండరీ స్ప్రింగ్ ఒక్క మెట్టు గట్టిది. ఇప్పుడు నిలబడ్డ చోట నుంచి 7200. వదిలి నొక్కితే 6500 కన్నా కిందికి పడటం లేదు, వెంటనే లేస్తోంది. లో గేర్‌లో బురద తిరిగాను, వాసన లేదు.

ఒకటే మిగిలింది. వేగం బాగా అందుకున్నాక ఆర్పీఎం 7400–7450 దాకా పాకుతోంది. ఇంకా గట్టి నేల మీద పొడవుగా పోతే ఏమవుతుందో అని టెన్షన్.

#17 పుల్లీ మాస్టారు

టెన్షన్ అక్కర్లేదు, అది చిన్న సర్దుబాటు. కొన్న వెయిట్స్‌లో బరువు జోడించడానికి రంధ్రాలు ఉన్నాయా? పిన్నుకు దగ్గరి రంధ్రంలో వేసిన బరువు బండి లేచేటప్పుడు పనిచేస్తుంది. కొసన వేసింది వేగం పెరిగాక పనిచేస్తుంది. నీకు కింద అంతా బాగుంది, పైన మాత్రమే ఎక్కువ. కాబట్టి కొసన ఒక గ్రాము వేసి చూడు, చాలకపోతే ఇంకో అర గ్రాము. మూడు వెయిట్స్‌లోనూ సమానంగా, తూకం వేసి. ఒకదానిలో తేడా వచ్చినా క్లచ్ ఊగుతుంది.

#18 నల్లరేగడి

మాస్టారూ, ఇదే సెటప్‌తో 3000 మీటర్ల ఎత్తుకు పోతే? మా బృందం కొండల మీదికి వెళ్లాలనుకుంటోంది. నా బండి కూడా ఇలాంటిదే, టర్బో లేదు.

#19 పుల్లీ మాస్టారు

టర్బో లేని ఇంజిన్ ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు 3 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. 3000 మీటర్ల దగ్గర నాలుగో వంతు పైనే పోయినట్టు. వెయిట్స్ అవే ఉంటాయి, వాటిని తిప్పే బలం తగ్గుతుంది. రీడింగ్ మళ్లీ కిందికి వస్తుంది, కింద తీరిన సమస్య పైన తిరిగి వస్తుంది. పైకి పోయేటప్పుడు తేలిక వెయిట్స్ ఒక సెట్ పట్టుకెళ్లండి. లేదా జోడించిన బరువులు తీసేయగలిగే వెయిట్స్ వాడండి. అక్కడ నివాసం ఉండబోవడం లేదు కాబట్టి స్ప్రింగులు, హెలిక్స్ అలాగే ఉండనివ్వండి.

తిరిగి దిగగానే పాత వెయిట్స్ బిగించడం మర్చిపోవద్దు. తేలిక వెయిట్స్‌తో కింద పూర్తి థ్రాటిల్ నొక్కితే ఆర్పీఎం నేరుగా లిమిటర్‌కు పోతుంది.

#20 మట్టిదారి

కొసన ఒక గ్రాము వేశాను. పైన 7250 దగ్గర నిలిచింది, కింద మార్పు లేదు. నా బండి వెయిట్స్, స్ప్రింగ్ రంగులు, టైరు గాలి, అన్ని రీడింగులు ఒక పట్టికలో పెట్టి జత చేస్తున్నాను. 30 అంగుళాల టైర్లు వేసిన ఎవరైనా తమ కొలతలు కూడా అందులో చేర్చండి. రాళ్లబాట అన్నా, మీ ప్రైమరీలో వెయిట్స్ ఎన్ని గ్రాములో, పూర్తి థ్రాటిల్‌లో ఎంత నిలుస్తోందో రాస్తే పక్కపక్కన పెట్టి చూడవచ్చు.